వాల్వు ప్రీయాంప్‌ను పవర్ యాంప్‌కు కలపడం: ఇంపెడెన్స్ లెక్క, కొలత, సరిచేసే పద్ధతి

కోవూరు వైపు ఒక పల్లెలో శ్రీరామనవమి భజనకు నా వాల్వు ప్రీయాంప్‌ను (మైకు నుంచి వచ్చే చిన్న సిగ్నల్‌ను గాజు వాల్వులతో మొదట పెంచే పెట్టె) తీసుకెళ్ళాను. ఇంట్లో అది వాల్వు పవర్ యాంప్‌తోనే (ఆ సిగ్నల్‌ను స్పీకరు మోగేంత పెంచే పెట్టె) పనిచేస్తుంది. అక్కడున్నది మైకుసెట్టు వాళ్ళ ట్రాన్సిస్టర్ పవర్ యాంప్. తీగ తగిలించాక గొంతు, హార్మోనియం చక్కగా వినిపించాయి. మృదంగం మొదలయ్యేసరికి ఎడమ చేతి మోత లేదు. పైపైన టకటకలే తప్ప గుండెకు తగిలే గుమ్మనే శబ్దం రాలేదు. "సౌండు వస్తంది గానీ అన్నా, బేసు యాడికి పోయింది?" అన్నాడు మైకు దగ్గర కూర్చున్న అబ్బాయి. ఆ రాత్రి మిక్సరు నుంచి నేరుగా నడిపించి గట్టెక్కాం.

ఇంటికొచ్చాక కొలిచి చూస్తే వాల్వుల్లో లోపం లేదు, పవర్ యాంప్‌లోనూ లేదు. రెండూ మంచివే, కలిపిన చోటే తప్పు జరిగింది. నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరుల్లో పాత సౌండ్ సర్వీసు షాపుల అటకల మీద వాల్వు సెట్లు ఇంకా ఉన్నాయి. వాటిని దించి బాగుచేయించుకుని, ఇప్పటి పవర్ యాంప్‌లకు తగిలించి, "వాల్వు అంటే ఇంతేనా" అని మళ్ళీ అటకెక్కించేస్తున్నారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. అందుకే ఈ పనిని మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట సరిచేసుకోవాలి

ఇంపెడెన్స్ అంటే సిగ్నల్‌కు దారిలో ఎదురయ్యే అడ్డు, ఓంలలో కొలుస్తారు. "ఇంపెడెన్స్ మ్యాచింగ్" అనగానే చాలామంది ఇటు ఎన్ని ఓంలుంటే అటూ అన్నే ఉండాలనుకుంటారు. స్పీకరు దగ్గర ఆ మాట చాలావరకు నిజం. ప్రీయాంప్ నుంచి పవర్ యాంప్‌కు వెళ్ళే దారిలో మాత్రం నిజం కాదు. పాతకాలపు టెలిఫోను లైన్లలో రెండు కొసలా 600 ఓంలు సమానంగా ఉంచేవాళ్ళు. ఆ అలవాటు రేడియో స్టేషన్లకు, అక్కడి నుంచి మైకుసెట్లకు వచ్చింది, మాట మాత్రం ఇప్పటికీ మిగిలిపోయింది.

మనకిక్కడ కావలసింది వోల్టేజి చెక్కుచెదరకుండా అటు చేరడం. ఇంటి మీద ట్యాంకు నుంచి సన్నటి గొట్టం దిగిందనుకోండి. కింద కుళాయిని కొద్దిగా తిప్పితే నీళ్ళు జోరుగా వస్తాయి. బార్లా తెరిస్తే గొట్టం సన్నం కాబట్టి ఆ జోరు పడిపోతుంది. ఆ గొట్టం సన్నదనమే ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్. కుళాయి ఎంత తెరిచి ఉందన్నది పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్: ఓంలు తగ్గేకొద్దీ కుళాయి ఎక్కువ తెరిచినట్టు. పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ప్రీయాంప్ అవుట్‌పుట్ కంటే కనీసం పదింతలు ఉండాలి. అలా ఉంటే వోల్టేజి నష్టం ఒక డెసిబెల్ (సిగ్నల్ హెచ్చుతగ్గులు చెప్పే కొలమానం) లోపే. సమానంగా ఉంటే సగం వోల్టేజి, అంటే 6 డెసిబెల్స్, అక్కడికక్కడే పోతుంది.

వాల్వు పవర్ యాంప్‌ల ఇన్‌పుట్ సాధారణంగా 100 కిలో ఓంల నుంచి 470 కిలో ఓంల దాకా ఉంటుంది. ట్రాన్సిస్టర్ పవర్ యాంప్‌లలో ఇంటివైతే 10 నుంచి 47 కిలో ఓంలు. సభలకు వాడే పెద్దవాటిలో బ్యాలెన్స్‌డ్‌గా (సిగ్నల్‌కు రెండు తీగలు, వేరే షీల్డు) 20, అన్‌బ్యాలెన్స్‌డ్‌గా (ఒక తీగ, షీల్డు) 10 కిలో ఓంలు ఎక్కువగా కనిపిస్తాయి. వాల్వు కాలంలో 470 కిలో ఓంల కోసం తయారైన ప్రీయాంప్‌ను 10 కిలో ఓంలకు తగిలిస్తే ఒక్కసారిగా 47 రెట్ల బరువు నెత్తికెత్తినట్టే.

మొదటి మెట్టు: సిగ్నల్ ఎక్కడి నుంచి బయటికొస్తోందో కనుక్కోండి

పెట్టె తెరవక ముందు జాగ్రత్త. ప్రీయాంప్‌లో కూడా 250 నుంచి 350 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది. 10 కిలో ఓంల, 5 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న తీగలు కట్టి, కెపాసిటర్ ప్లస్సుకూ చాసీకీ (పెట్టె లోహపు చట్రం) మధ్య ఐదారు సెకన్లు పట్టి ఉంచండి. మీటరుతో సున్నా అని చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ఈ పని కొత్తయితే వాల్వు పని తెలిసిన మనిషి పక్కన లేకుండా మూత తీయకండి.

ఇప్పుడు అవుట్‌పుట్ జాక్ నుంచి వెనక్కి తీగను వెతుక్కుంటూ వెళ్ళండి. దారిలో ఒక కెపాసిటర్ తగులుతుంది. దానికి అవతల ఉన్న వాల్వు పిన్ను ఏదన్నదే అసలు ప్రశ్న. ఈసీసీ83, ఈసీసీ82 అనే రకం వాల్వుల్లో 1, 6 పిన్నులు ప్లేట్లు (పెద్ద ప్లస్ వోల్టేజి ఉండే కొసలు), 3, 8 పిన్నులు కాథోడ్లు (ఎలక్ట్రాన్లు బయలుదేరే కొసలు).

సిగ్నల్ ప్లేటు నుంచి వస్తుంటే ఇంపెడెన్స్ ఎక్కువ. ఈసీసీ83 లోపలి ప్లేట్ రెసిస్టెన్స్ సుమారు 62 కిలో ఓంలు. దానికి 100 కిలో ఓంల ప్లేట్ రెసిస్టర్ సమాంతరంగా చేరితే దాదాపు 38 కిలో ఓంలు. కాథోడ్ రెసిస్టర్ మీద బైపాస్ కెపాసిటర్ లేకపోతే ఇంకా పెరిగి 68 కిలో ఓంల దాకా పోతుంది. సిగ్నల్ కాథోడ్ నుంచి వస్తుంటే, అంటే అది కాథోడ్ ఫాలోయర్ అయితే, 500, 600 ఓంల దగ్గరే ఉంటుంది. రెండింటి మధ్య తేడా అరవై రెట్లకు పైమాటే.

చాలామంది కళ్ళుగప్పే మూడో సంగతి వాల్యూమ్ కంట్రోల్. ఆఖరి వాల్వు తర్వాత, జాక్‌కు ముందు వాల్యూమ్ ఉంటే అవుట్‌పుట్ ఇంపెడెన్స్ నాబ్‌తో పాటు మారుతూ ఉంటుంది. 100 కిలో ఓంల వాల్యూమ్ సరిగ్గా సగం రెసిస్టెన్స్ దగ్గర నిలిస్తే దాని వాటాయే 25 కిలో ఓంలు. 250 కిలో ఓంలదైతే 62. వెనక ఎంత మంచి కాథోడ్ ఫాలోయర్ ఉన్నా ఆ మేలంతా అక్కడే పోతుంది. అలాంటి పెట్టెలో వాల్యూమ్‌ను ఆఖరి వాల్వుకు ముందుకు మార్చాలి. మార్చకుండా ఇంకేం చేసినా వృథా అని నా అభిప్రాయం.

రెండో మెట్టు: కొలవడం

సర్క్యూట్ బొమ్మ చూసి అంచనా వేయడం ఒక ఎత్తు, కొలవడం ఒక ఎత్తు. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ ఒకటి వేసుకోండి. మీటరు విషయంలో జాగ్రత్త పడాలి. అందరి దగ్గరా ఉండే చవక పసుపు మీటరులో ఏసీకి కనిష్ఠం 200 వోల్టుల రేంజే, ఒక వోల్టు దగ్గర దాని మాట నమ్మలేం. 2 వోల్టుల ఏసీ రేంజ్ ఉన్న మీటరు కావాలి.

1000 హెర్ట్జ్ టోన్ ప్రీయాంప్‌లోకి పంపి, అవుట్‌పుట్ జాక్ దగ్గర ఏమీ తగిలించకుండా సరిగ్గా 1 వోల్టు వచ్చేలా వాల్యూమ్ పెట్టండి. తర్వాత జాక్ సిగ్నల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒక రెసిస్టర్ పెట్టి మళ్ళీ చూడండి. ప్లేటు నుంచి వచ్చేదైతే 47 కిలో ఓంలు, కాథోడ్ ఫాలోయర్ అయితే 4.7 కిలో ఓంలు సరిపోతాయి. లెక్క ఇది: లోడు (అంటే ఆ రెసిస్టర్) లేనప్పటి వోల్టేజిని లోడు ఉన్నప్పటి వోల్టేజితో భాగించి, ఒకటి తీసేసి, పెట్టిన రెసిస్టర్ విలువతో గుణించాలి. 47 కిలో ఓంలు పెట్టగానే 1 వోల్టు కాస్తా 0.55 అయిందనుకోండి. 1ని 0.55తో భాగిస్తే 1.82, ఒకటి తీస్తే 0.82, 47తో గుణిస్తే 38 కిలో ఓంలు పైచిలుకు. ఈసీసీ83 ప్లేటు కదా, సరిగ్గా సరిపోయింది.

పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ ఎంతన్నది పెట్టె వెనక వైపునో, దానితో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. లేకపోతే దాన్నీ కొలవచ్చు. స్పీకర్లు విప్పేసి, ఫోను నుంచి వచ్చే టోన్‌ను 10 కిలో ఓంల రెసిస్టర్ గుండా ఇన్‌పుట్‌కు పంపండి. రెసిస్టర్‌కు ముందున్న వోల్టేజి, తర్వాతది రెండూ రాసుకోండి. తర్వాతది ముందున్న దానిలో సరిగ్గా సగమైతే ఇన్‌పుట్ కూడా 10 కిలో ఓంలే. సగం కంటే ఎక్కువ వస్తే ఇన్‌పుట్ పెద్దది, తక్కువ వస్తే చిన్నది.

ఇక నా సమస్యను పట్టించిన కొలత చెబుతాను. పవర్ యాంప్ ఇన్‌పుట్ లాగా 10 కిలో ఓంల రెసిస్టర్‌ను అవుట్‌పుట్‌కు పెట్టి, అదే కొలతను 1000 హెర్ట్జ్ దగ్గర ఒకసారి, 100 హెర్ట్జ్ దగ్గర ఒకసారి చేశాను. 1000 దగ్గర 1 వోల్టు 0.93 అయింది. 100 దగ్గర 0.52కు పడిపోయింది. నాది కాథోడ్ ఫాలోయరే, అవుట్‌పుట్ 600 ఓంలే, పదింతల నియమం ప్రకారం 10 కిలో ఓంలకు నిక్షేపంగా సరిపోవాలి. వాల్వు ఇంపెడెన్స్ ఒక్కటే కారణమైతే రెండు చోట్లా ఒకేలా తగ్గాలి. బేసు దగ్గరే తగ్గిందంటే దోషి దారిలో ఉన్న కెపాసిటరే.

మూడో మెట్టు: కెపాసిటర్ లెక్క

వాల్వు పిన్ను (ప్లేటు గానీ, కాథోడ్ గానీ) దగ్గరి పెద్ద డీసీ బయటికి రాకుండా ఆపేది ఈ కెపాసిటరే. ఏసీని పోనిస్తుంది గానీ బేసుకు అడ్డుపడుతుంది. ఎంత కింద నుంచి అడ్డుపడుతుందో తెలియాలంటే 159ని కిలో ఓంలతో, మైక్రోఫారడ్లతో భాగిస్తే చాలు, జవాబు హెర్ట్జ్‌లో వస్తుంది. ఆ హెర్ట్జ్ దగ్గర సిగ్నల్ 3 డెసిబెల్స్ తగ్గి ఉంటుంది, దాని కింద ఇంకా పడిపోతూ పోతుంది. కిలో ఓంలంటే ఇక్కడ ప్రీయాంప్ అవుట్‌పుట్, పవర్ యాంప్ ఇన్‌పుట్ రెండూ కలిపిన మొత్తం.

నా పెట్టెలో ఉన్నది 0.1 మైక్రోఫారడ్. ఇంట్లో వాల్వు పవర్ యాంప్ 470 కిలో ఓంలతో లెక్కేస్తే కోత 3.4 హెర్ట్జ్ దగ్గర, చెవికి అందని చోట. భజన దగ్గర 10 కిలో ఓంలతో అది 150 హెర్ట్జ్‌కు ఎగబాకింది. మృదంగం ఎడమ వైపు ఉన్నదంతా ఆ కింద మునిగిపోయింది.

2.2 మైక్రోఫారడ్ పెట్టాను. 159ని 10.6తో, 2.2తో భాగిస్తే 7 హెర్ట్జ్ కూడా రాదు. ఎలక్ట్రోలిటిక్ వద్దు, పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకం, 400 వోల్టులకు తగ్గకుండా తీసుకోండి. షాపులో కండెన్సర్ అని అడిగినా ఇస్తారు, వోల్టేజి మాత్రం గట్టిగా చెప్పాలి. సైజు పెద్దదవుతుంది కాబట్టి పెట్టెలో చోటు ముందే చూసుకోండి. కెపాసిటర్ తర్వాత, జాక్ దగ్గర సిగ్నల్ నుంచి ఎర్త్‌కు 1 మెగా ఓం రెసిస్టర్ ఒకటి వేయండి. అది లేకపోతే తీగ విప్పి ఉన్నప్పుడు జాక్ మీద చార్జి నిలిచి, తగిలించగానే ఢామ్మంటుంది.

నాలుగో మెట్టు: ప్లేటు నుంచి వచ్చేదైతే

ఇక్కడ కెపాసిటర్ మార్చితే తీరదు. 38 కిలో ఓంల నుంచి 10 కిలో ఓంలకు పంపితే వోల్టేజిలో అయిదో వంతు మిగులుతుంది, 13 డెసిబెల్స్‌కు పైగా పోయినట్టు. అంతకంటే చెడ్డ సంగతి, ఆ బరువు వాల్వు మీద పడి గొంతు గరగరలాడుతుంది. లోడు ఓంలు అంత తక్కువైతే ఈసీసీ83 సిగ్నల్ వోల్టేజిని శుభ్రంగా పైకీ కిందికీ ఊపలేకపోతుంది. వాల్యూమ్ పెంచి కప్పిపుచ్చాలని చూస్తే ఆ గరగరే పెరుగుతుంది.

సరైన మందు మధ్యలో ఒక కాథోడ్ ఫాలోయర్. ఈసీసీ82లో సగం వాల్వు చాలు. ముందు వాల్వు ప్లేటు 150 వోల్టుల దగ్గర ఉంటే దాన్ని నేరుగా ఫాలోయర్ గ్రిడ్డుకు (సిగ్నల్ లోపలికెళ్ళే పిన్ను) 1 కిలో ఓం రెసిస్టర్ గుండా కలపండి. కాథోడ్ నుంచి ఎర్త్‌కు 33 కిలో ఓంలు, 2 వాట్లు. కాథోడ్ 155 వోల్టుల దగ్గర నిలిచి, దాదాపు 4.7 మిల్లీయాంపులు నడుస్తాయి. అక్కడి నుంచి 2.2 మైక్రోఫారడ్ ద్వారా జాక్‌కు.

ఈ వాల్వులో హీటరుకూ (కాథోడ్‌ను వేడిచేసే తీగ) కాథోడుకూ మధ్య వోల్టేజికి 180 వోల్టుల పరిమితి ఉంది. కాథోడ్ 155 దగ్గర కూర్చుంటే ఆ హద్దుకు దగ్గరికొచ్చినట్టే. మా వైపు కరెంటు ఒక్కోపూట ఎక్కువ, ఒక్కోపూట తక్కువ. హెచ్చినప్పుడు హద్దు దాటిపోవచ్చు. అందుకని హీటరు సప్లయిని నేరుగా ఎర్త్ చేయకుండా, రెండు రెసిస్టర్లతో హెచ్‌టీ (వాల్వుల ప్లేట్లకిచ్చే పెద్ద డీసీ) నుంచి 50, 60 వోల్టులు తీసి దాని మీద కూర్చోబెట్టండి. హమ్ము (గుయ్‌మనే మోత) కూడా తగ్గుతుంది, అది అదనపు లాభం.

తీగ సంగతి

షీల్డు తీగకు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది, తీగను బట్టి అటూ ఇటూ. అదే 159 లెక్క ఇక్కడ పైస్థాయి శబ్దాలకు పనికొస్తుంది. 38 కిలో ఓంల ప్రీయాంప్ నుంచి అయిదు మీటర్ల తీగ లాగితే 8 కిలోహెర్ట్జ్ దాటాక కోత మొదలు. తాళాలు, గజ్జెలు మసకబారిపోతాయి. 600 ఓంల నుంచైతే అదే తీగతో కోత 500 కిలోహెర్ట్జ్ పైన, ఎవరికీ పట్టనవసరం లేదు. ప్లేటు అవుట్‌పుట్‌ను మార్చడం కుదరకపోతే ప్రీయాంప్‌ను పవర్ యాంప్ పక్కనే పెట్టి, మీటరు లోపు తీగ వాడండి.

పవర్ యాంప్‌కు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్ ఉండి ప్రీయాంప్‌కు మామూలు జాక్ ఉంటే, 2వ పిన్నుకు సిగ్నల్, 1వ పిన్నుకు షీల్డు. 3వ పిన్ను తీగను ప్రీయాంప్ కొసన షీల్డుతో కలపండి. దాన్ని గాలిలో వదిలేస్తే కొన్ని యాంప్‌లలో వోల్యూమ్ సగమవుతుంది.

హమ్ము వస్తే ఏం చేయకూడదో ముందు చెబుతాను. ప్లగ్గులో ఎర్త్ పిన్నును పీకేయకూడదు. పందిళ్ళ దగ్గర తడి నేల మీద, చేతిలో మైకు పట్టుకుని పాడే మనిషి ప్రాణం ఆ పిన్ను మీదే ఆధారపడి ఉంటుంది. రెండు పెట్టెలనూ ఒకే బోర్డు నుంచి నడపండి. అప్పటికీ పోకపోతే మధ్యలో ఒకటికొకటి నిష్పత్తి ఉన్న లైన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. అయితే దాన్ని నడపాలన్నా అవుట్‌పుట్ ఇంపెడెన్స్ తక్కువే ఉండాలి, ప్లేటు నుంచి నేరుగా దానికి కలిపితే మళ్ళీ పాత కథే.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు

పవర్ యాంప్ తగిలించకుండా ప్రీయాంప్‌ను ఆన్ చేసి రెండు నిమిషాలు వేడెక్కనివ్వండి. జాక్ దగ్గర డీసీ కొలవండి. కొన్ని మిల్లీవోల్టులు దాటి వోల్టుల్లో ఉంటే కెపాసిటర్ లీకవుతోంది, మార్చాల్సిందే. అటకల మీద నుంచి దించిన సెట్లలో పాత కాగితం కెపాసిటర్లు లీకవడం మామూలే. మా తీరపు ఉప్పుగాలి జాక్‌లనూ వాల్వు సాకెట్లనూ తినేస్తుంది, వాటిని కాంటాక్ట్ క్లీనరుతో శుభ్రం చేసి ఆరనిచ్చాకే కరెంటు ఇవ్వండి.

ఎప్పుడైనా ప్రీయాంప్ ముందు ఆన్, నిమిషం ఆగి పవర్ యాంప్. ఆపేటప్పుడు పవర్ యాంప్ ముందు. పెద్ద కెపాసిటర్ పెట్టాక ఇది ఇంకా ముఖ్యం. అది చార్జయ్యేటప్పుడు వచ్చే దెబ్బ ట్రాన్సిస్టర్ యాంప్ గుండా సూటిగా స్పీకరు మీద పడుతుంది.

పూర్తి వాల్వు యాంప్‌నే పవర్ యాంప్‌కు కలపాలంటే

కొందరి దగ్గర విడి ప్రీయాంప్ ఉండదు, మొత్తం వాల్వు మైకు యాంప్లిఫయరో గిటారు యాంపో ఉంటుంది. దాని స్పీకరు అవుట్‌పుట్ నుంచి సిగ్నల్ తీసి పెద్ద పవర్ యాంప్‌కు ఇవ్వాలనుకుంటారు. చేయవచ్చు. కానీ స్పీకరు గానీ, దానికి బదులు డమ్మీ లోడు గానీ తగిలించకుండా ఆ యాంప్‌ను ఒక్క క్షణం కూడా పాడించకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇవతల సెకండరీకి (స్పీకరు వైపు చుట్ట) లోడు లేకపోతే అవతల ప్రైమరీ (వాల్వుల వైపు చుట్ట) మీద వోల్టేజి విపరీతంగా లేచి, వాల్వు సాకెట్‌లో నిప్పురవ్వలు రేగి, చుట్ట ఇన్సులేషన్ చిట్లిపోతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్‌కు జోడు దొరకడం కష్టం.

సమానంగా ఉండాలన్న మాట ఇక్కడ నిజమవుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ స్పీకరు ఓంలను వాల్వుల వైపుకు పెంచి చూపిస్తుంది. 6.6 కిలో ఓంల ప్రైమరీ, 8 ఓంల సెకండరీ ఉంటే 8 ఓంల స్పీకరు పెట్టినప్పుడే వాల్వులకు 6.6 కిలో ఓంలు కనిపిస్తాయి. 4 ఓంలు పెడితే 3.3 అవుతుంది. అందుకే 16 ఓంల హారన్ యూనిట్‌ను 16 ఓంల టెర్మినల్‌కే తగిలించాలి. 100 వోల్టుల లైన్ టెర్మినల్ వేరే లెక్క: 50 వాట్ల యాంప్‌కు అక్కడ 200 ఓంల లోడు కావాలి.

50 వాట్ల యాంప్ 8 ఓంల మీద పూర్తిగా పలికితే 20 వోల్టులు వస్తాయి. పవర్ యాంప్‌కు కావలసింది ఒక వోల్టు చుట్టుపక్కల. స్పీకరును అలాగే ఉంచి, దాని టెర్మినల్ నుంచి 10 కిలో ఓంల రెసిస్టర్, దాని తర్వాత ఎర్త్‌కు 470 ఓంలు పెట్టి, రెండూ కలిసిన చోటు నుంచి సిగ్నల్ తీయండి. 0.9 వోల్టు వస్తుంది. అర వాట్ రెసిస్టర్లు చాలు. అక్కడి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ 450 ఓంలే కాబట్టి 10 కిలో ఓంల పవర్ యాంప్‌కు ఏ ఇబ్బందీ లేదు. స్పీకరు వద్దనుకుంటే 8 ఓంల వైర్‌వౌండ్ రెసిస్టర్‌ను యాంప్ వాట్లకు రెట్టింపు రేటింగుతో, హీట్‌సింక్ మీద బిగించి పెట్టండి. చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, పందిరి గుడ్డకు దూరంగా ఉంచండి. సెకండరీ ఒక కొస చాసీ ఎర్త్‌కు కలిసి ఉందో లేదో మీటరుతో ముందే చూడండి. కలిసి లేకపోతే మధ్యలో లైన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

పని పూర్తయ్యాక పెట్టె వెనక ఒక కాగితం అంటించి కొలతలు రాసిపెట్టండి. నా దాని మీద ఇలా ఉంది: "అవుట్‌పుట్ 600 ఓంలు, కెపాసిటర్ 2.2 మైక్రో, 10 కిలో ఓంల పవర్ యాంప్‌కు పరవాలేదు. ముందు ఇది ఆన్ చెయ్యి." ఈసారి మైకు దగ్గర కూర్చున్న అబ్బాయి నన్ను అడగనక్కర్లేదు.